ముందు కదిలిన కాళ్ళు

పోయినవారం మనం ఫుమినోను బడిలో కంప్యూటర్ల గది గుమ్మం మీద వదిలేసి వచ్చాం. ఒక కాలి చెప్పు విడిచింది, రెండో కాలిది విడవడం మరిచిపోయింది. లోపల ముగ్గురు పిల్లలు ఒకే తెర ముందు కూర్చుని ఒకే బొమ్మను ఆడిస్తున్నారు. ఒకడిది తలా కుడిచేయీ, ఒకమ్మాయిది ఎడమచేయి, ఇంకొకడిది కాళ్ళు. అవాజి దీవి బొమ్మలాట అనగానే ఆవలించే వయసు పిల్లలకు దాని మీద మోజు పుట్టించాలని, కోబె నగరం నుంచి వచ్చిన హోనమి తయారుచేస్తున్న వీడియో గేమ్ అది. దానికి ఒప్పుకున్నవాళ్ళలో అదే బడిలో పాఠాలు చెప్పే ఫుమినో కూడా ఉంది. కానీ ఎడమచేయి ఆడిస్తున్న పిల్ల, "భుజం దిగింది, భుజం దిగింది! ఇప్పుడు కూర్చుంటుంది!" అని అరవగానే ఆమె గుమ్మం మీదే నిలిచిపోయింది.

ఆ భుజం సంగతి బయటివాళ్ళకు తెలియదు. తల పట్టినవాడు ఆట మధ్యలో నోరు విప్పడు. కూర్చోబోయే ముందు బొమ్మ ఎడమ భుజం బొటనవేలంత కిందికి జారుతుంది, అంతే. ఎడమచేయి పట్టినవాళ్ళు దాన్ని కంటితో అందుకోవాలి. కాళ్ళు పట్టినవాళ్ళు, తల పట్టినవాడి నడుముకు ఆనించిన ముంజేతితో అందుకోవాలి. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు, ఏళ్ళ తరబడి తిట్లు తిని తెలుసుకోవాల్సిందే. గెన్‌సకు గురువుగారి బృందంలో ఆ సైగలు తెలిసినవాళ్ళు ముగ్గురే. తల పట్టే గురువుగారు, ఎడమచేయి పట్టే ఫుమినో, కాళ్ళు పట్టే యసుయో. గురువుగారు చచ్చినా చెప్పరు. తను చెప్పలేదు. ఇక మిగిలిందెవరో తేల్చడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఇంటిగుట్టు లంకకు చేటని మనవాళ్ళు ఊరికే అనలేదు. పైగా సమయం కూడా అలాంటిది. డెబ్బై తొమ్మిదేళ్ళ గెన్‌సకు ఈ శరదృతువు ఆట ముగియగానే తలను ఇంకొకరి చేతికి అప్పగిస్తానని అందరి ముందూ చెప్పాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముందని ఫుమినో అనుకుంది, దీవిలో సగం మంది కూడా అనుకున్నారు. పదేళ్ళు కాళ్ళు, ఆ తర్వాత పన్నెండేళ్ళు ఎడమచేయి పట్టిన మనిషి ఆమె ఒక్కతే. ఆ వరుస తప్ప ఇంకో దారి ఆ విద్యలో లేదు.

"టీచరుగారూ, రండి రండి!" కాళ్ళు ఆడిస్తున్న కుర్రాడు వెనక్కి తిరిగి పిలిచాడు. "రెండో అంకంలో కాళ్ళే బాసండీ. తల పట్టినవాడు నోరు మూసుకుని వెంట రావాలంతే."

"నీ మొహం! నేనే ఓడిపోయి ఇచ్చా," అన్నాడు తల పట్టినవాడు.

ఫుమినో నవ్వలేదు. తిన్నగా హోనమి దగ్గరకు వెళ్ళింది. ఆ అమ్మాయి ఒళ్ళో ఒక కంప్యూటర్, పక్కన ఇంకో కంప్యూటర్, నోట్లో సగం కొరికిన బియ్యప్పిండి అప్పడం.

"భుజం సంగతి నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండీ." హోనమి అప్పడం గబగబా మింగింది. "మీ ముగ్గురికీ సెన్సర్లు కట్టాం కదా, అవే చెప్పాయి. ఎక్కడ ఏది ముందు కదిలిందో గీతల్లో కనిపిస్తుంది. పిల్లలకి అర్థం కావాలని నేను అక్కడో చిన్న దీపం పెట్టాను."

యంత్రం చెప్పిందట! ఫుమినో ఆ మాట నమ్మలేదు. నెపం నెట్టడానికి యంత్రమంత మంచి సాకు ఇంకొకటి లేదు, అది ఎదురు తిరిగి మాట్లాడదు.

"అసలు మిమ్మల్నే అడుగుదామనుకున్నానండీ," హోనమి గొంతు తగ్గించింది. "ఇదిగో, పోయినేడు తీసిన మొదటి అంకం చూడండి. తల కదిలింది, తర్వాత మీ చేయి, తర్వాత కాళ్ళు. ఇప్పుడు పోయిన నెల తీసిన రెండో అంకం. ముందు కాళ్ళు! వాటి వెనక తల, దాని వెనక మీరు. రెప్పపాటు తేడా, కానీ మొదట్నుంచీ చివరిదాకా అంతే. నాదే పొరపాటేమోనని నాలుగుసార్లు చూశాను. కాళ్ళని వెనక్కి జరిపి సరిచేసేయనా?"

ఫుమినో ఆ గీతలకేసి వంగి చూసింది. కాళ్ళు తలను నడిపించడమంటే ఏమిటో హోనమికి తెలియదు, పాపం. బండి ఎద్దును లాగడమే అది. అంటే గురువుగారి చేయి జారిపోతోంది, యసుయో కింద కూర్చుని ఆయన్ని లాక్కుపోతోంది. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు "అక్కా, అక్కా" అంటూ తిరుగుతోంది. ఎందుకు? తల తనకే కావాలని కాకపోతే ఎందుకు?

"ఏదీ ముట్టుకోకు," అంది. "ఎవరికీ చూపించకు."

"సరేనండీ. అన్నట్టు, ఆ రోజు కాళ్ళవాళ్ళ కుడిచేతి తొడుగు కూడా పాడైంది. చిటికెనవేలు సెన్సరు ఒక్కసారైనా వంగలేదు. ఆ వేలు నేనే గీసి పెట్టాను."

ఆడబొమ్మకు కాళ్ళుండవు. ఈ ఆటలోని పడవవాడి భార్య ఒమినె అయినా, ఇంకో కథలోని మహారాణి అయినా అంతే. బట్టల అంచు కింద పిడికిళ్ళు పెట్టి, ఆ పిడికిళ్ళనే మోకాళ్ళుగా, పాదాలుగా భ్రమింపజేస్తారు. ఇది తెలియక హోనమి మొదట్లో ఒమినెకు చక్కటి పిక్కలు గీసుకొస్తే బృందమంతా పడీపడీ నవ్వారు. ఆ నవ్వు తర్వాతే కాళ్ళు పట్టేవాళ్ళ చేతులకు తొడుగులు వచ్చాయి. ఇప్పుడు మాత్రం తొడుగు సంగతి ఫుమినో చెవికి ఎక్కలేదు.

బయటికొచ్చి సైకిలెక్కుతుంటే ఇంకో బాధ కెలికింది. ఈ ఆటకు ఆమె ఒప్పుకున్నది బడి కోసమో, కళ కోసమో కాదు. పదహారేళ్ళ కూతురు కనామె కోసం. పొద్దస్తమానం చేతిలో ఏదో ఒక ఆట లేనిదే ఉండని పిల్ల, పోనీ ఈ ఆటైనా ఆడితే బొమ్మ గడప తొక్కుతుందేమోనని ఆశపడింది. వసంతంలో మొదటి అంకం ఇంటికి తెచ్చి ఇస్తే కనామె కాసేపు చూసి, "బోరమ్మా" అని తలుపు వేసుకుంది. కూతురు రాలేదు సరికదా, గుట్టంతా బజారుకెక్కింది.

యసుయో ఉల్లి కొట్టం కింద ఉంది. నెత్తి మీద గుత్తులుగుత్తులుగా వేలాడుతున్న ఉల్లిపాయల్లో మెత్తబడ్డవి ఏరి బుట్టలో పడేస్తోంది.

"ఏంటక్కా, మొహం అలా గంటు పెట్టుకున్నావ్? టీ తాగుతావా?"

"నీ టీ వద్దు. గురువుగారి నడుము మీద చేయి పెట్టి ఆయన్నే తోస్తున్నావంటగా?"

"ఏంటీ?"

"పోయిన నెల రికార్డింగులో. కాళ్ళు ముందు, తల వెనక. తెర మీద గీతలు గీసి చూపించింది ఆ పిల్ల. ఎన్నాళ్ళ నుంచి జరుగుతోందే ఇది? ఆయన చేయి పట్టు తప్పుతోందని నాకో మాట చెప్పకుండా నువ్వే సర్దేస్తున్నావా? రేపు తల కూడా నువ్వే సర్దేద్దామనా?"

యసుయో చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది. ఆమెకు కోపం రాలేదు. భయం వేసినట్టు కనిపించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందని ఫుమినో మనసులో అనుకుంది.

"ఏం, నోరు పెగలడం లేదే?"

"చెప్పొద్దన్నారక్కా."

"ఎవరు?"

"గురువుగారే. ముందు రోజు ఫోన్ చేశారు. 'నీకు నడుం నొప్పి కదా, రేపు రావొద్దు, పడుకో. ఫుమినోకి చెప్పకు, కంగారుపడుతుంది' అన్నారు. నాకు నడుం నొప్పని నేనెప్పుడన్నాను? నా నడుం గుండ్రాయిలా ఉంది. కానీ ఆయన మాటకి ఎదురెలా చెప్తాం? ఇంట్లో కూర్చుని రోజంతా టీవీ చూశాను."

"అబద్ధం! నా మోచేతి కింద కూర్చుంది ఎవరు మరి, దెయ్యమా?"

"అది నువ్వు చెప్పాలి. పక్కనున్నది నువ్వు."

ఫుమినో ఏమని చెబుతుంది? ఆ వేళ సెన్సర్లు కట్టేటప్పటికే ముగ్గురికీ నల్ల ముసుగులు. ఒమినె రేవులో ఎదురుచూసే ఘట్టానికి తల పట్టేవాడు కూడా మొహం కప్పుకోవాలి. ముసుగు పడ్డాక ఆ మనిషి లేనట్టే లెక్క. పలకరించరు, తలెత్తి చూడరు. ఎడమచేయి పట్టినవాళ్ళ చూపు బొమ్మ మెడ వెనక నుంచి చెదిరితే గురువుగారి చెక్కచెప్పు కాలి మీద పడుతుంది. పన్నెండేళ్ళలో ఆమె చూపు చెదిరింది రెండో మూడోసార్లు, అవీ మొదటి ఏడాదిలోనే. పక్కనున్నది ఎవరో చూడకపోవడమే తన గొప్ప అనుకుంటూ వచ్చింది.

"ఆ పిల్ల ఇంకేమైనా చెప్పిందా?" యసుయో దగ్గరకొచ్చి అడిగింది.

"తొడుగు పాడైందంది. కుడిచేతి చిటికెనవేలు వంగలేదట."

అన్నాక గానీ ఆ మాట ఆమె చెవికెక్కలేదు. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. వంగని కుడి చిటికెనవేలు బృందంలో ఒక్కరికే ఉంది. కుర్రతనంలో సముద్రపు నాచు పడవ మీద తాడు పడి నలిగిన వేలు అది. టీ గిన్నె పట్టుకున్నప్పుడు పక్కకు నిక్కి ఉంటుంది. దాన్ని చూసి బడిపిల్లలు దొరబాబు వేలు అని నవ్వుకుంటారు.

"గురువుగారు కాళ్ళు పట్టారా?" యసుయో గొంతు గుసగుసలోకి దిగింది. "ఆ వయసులో ముడుచుకు కూర్చునా? అయితే మరి తల పట్టిందెవరక్కా?"

ఆ రోజు తల పట్టిన మనిషి అందరికన్నా చివర, దీపాలు తగ్గించాక వచ్చాడు. గురువుగారి ఎత్తు చెక్కచెప్పులే, అదే చప్పుడు. ఆ చెప్పుల మీద పొట్టివాళ్ళెవరో పొడుగువాళ్ళెవరో తెలియదు. ఒమినె భుజం మాత్రం ఎప్పటికన్నా తేలిగ్గా జారింది. పాపం, ముసలాయన చిక్కిపోయాడు, ఇక ఎక్కువ రోజులు మోయలేడు అని ఫుమినో ముసుగులోనే కళ్ళు తుడుచుకుంది. తన కన్నీళ్ళు ఏ అపరిచితుడి కోసమో కారాయని ఇప్పుడు తెలిసి ఆమె విసురుగా సైకిలెక్కింది.

గెన్‌సకు ఇంటికి వెళ్ళేసరికి ఆయన ఒమినె తలను ఒళ్ళో పెట్టుకుని బుగ్గకు తెల్లరంగు వేస్తున్నాడు. కుంచె ఆగలేదు.

"యసుయో ఫోన్ చేసింది," అన్నాడు. "కూర్చో."

"కూర్చోను. తల ఎవరి చేతికిచ్చారు?"

"అరవకు. రంగు ఆరాలి."

"ఇరవై రెండేళ్ళుగా అరవలేదు గురువుగారూ. ఇవాళ అరుస్తాను. నన్నెందుకు పరీక్షించారు? ఏం తప్పు చేశాను?"

"నిన్ను పరీక్షించలేదు." ఆయన తలను మెల్లగా కర్రకు గుచ్చి నిలబెట్టాడు. "ఆ పిల్లని పరీక్షించాను. నువ్వు తూకపురాయివి."

పిల్ల అన్నాడు. ఫుమినోకు ఆ మాట ముల్లులా దిగింది.

"అర్థం కాలేదా? కింద కూర్చుని ఎక్కడ ఎప్పుడు కదలాలో నేను నడుము మీద తట్టి చెప్పాను, నిజమే. ఆ పిల్ల అంకమంతా ఒక్కసారీ మనతో కలిపి ఆడలేదు కాబట్టి దానికి వరస తెలీదు. కానీ బొమ్మకి ప్రాణం పోయడం నేను చెప్పలేను కదా, అది ఆ చేతిలోంచే వచ్చింది. ఆ చేతి వెంట నువ్వు వెళతావా, ఆగిపోతావా అని చూశాను. నువ్వు ఒక్కచోట, ఒక్కచోట తడబడినా మర్నాడే ఆ పిల్లని ఇంటికి పంపేసేవాణ్ణి. నీ ఎడమచేయి అబద్ధం చెప్పదు, ఫుమినో. అది నా వెంట వచ్చినట్టే ఆ పిల్ల వెంట వెళ్ళింది."

తన పోటీదారుకు తన చేత్తోనే తాంబూలం ఇప్పించాడన్నమాట.

"ఎవరి దగ్గర కాళ్ళు పట్టింది? ఎడమచేయి ఎన్నేళ్ళు పట్టింది?"

"కాళ్ళూ పట్టలేదు, చేయీ పట్టలేదు. ఆట ఆడింది."

"ఏ ఆట?"

"కోబె పిల్ల చేసిన ఆట. మొదటి అంకం. వసంతం నుంచి వేసవి దాకా ఎన్నిసార్లు ఆడిందో దానికే తెలీదు. ఓ రోజు వచ్చి ఇదిగో, ఇక్కడే నిలబడింది. ఉత్త చేతులు గాల్లో ఆడించి చూపించింది. మొదట నవ్వాను. తర్వాత నా భుజం కనిపించింది, ఫుమినో. నాకు యాభై ఏళ్ళు వచ్చేదాకా జార్చలేకపోయిన చోట, అది జార్చింది. నాకు చెమటలు పట్టాయి."

"తెర మీద ఆడే ఆటతో తల వచ్చేస్తే నేనెందుకు పదేళ్ళు మోకాళ్ళు అరగదీసుకున్నాను? ఎందుకు గురువుగారూ?"

గెన్‌సకు కుంచెను నీళ్ళలో కడిగి, గుడ్డకు తుడిచాడు.

"ఆ ఆటలో ఎడమచేయి ఎవరిది? నీది. ఆ పిల్ల నా దగ్గర నేర్చుకుందనుకుంటున్నావా? రోజూ నీతో కలిసి ఆడి నేర్చుకుంది. నువ్వు పట్టిన పన్నెండేళ్ళు దాని పక్కన నిలబడ్డాయి."

ఆ మాటలో ఓదార్పు ఉందేమోనని ఫుమినో వెతికింది. ఏమీ కనిపించలేదు. ఈయన తీయగా మాట్లాడాడంటే వెనక ఏదో దాచాడన్నమాటే. పేరు దాచాడు. ఆ పేరు హోనమిదే అయి ఉంటుందా? గీతలు చూపించి అమాయకంగా అడిగింది కదా, సరిచేసేయనా అని! ఎవరికి తెలుసు, తన తప్పు బయటపడకుండా చెరిపేయడానికే అడిగిందేమో. లేదా ఆ కంప్యూటర్ల గదిలో పిల్లల్లో ఎవరైనానా? "టీచరుగారూ" అంటూ తన కళ్ళలోకి చూసి నవ్విన ఆ ముగ్గురిలో ఒకరా?

"పేరు చెప్పండి."

"మాట తీసుకుంది. నీకు తనే చెప్పుకుంటానని, నన్ను చెప్పొద్దని. ధైర్యం చాలక రోజులు నెట్టుకొస్తోంది."

"ధైర్యం లేదా? ముసుగేసుకుని నా చేయి దొంగిలించడానికి ధైర్యం సరిపోయింది, నా మొహం చూడ్డానికి చాలలేదా?" ఫుమినో రెండడుగులు ముందుకు వేసి, కర్ర మీద నిలబెట్టిన ఒమినె తల మీద అరచేయి ఆనించింది. రంగు ఇంకా తడిగానే ఉంది. "వినండి. ఎవరైతే నాకేం, ఎవరి కూతురైతే నాకేం! ఈ తల మీద ఒట్టు. ఆ పిల్ల తల పట్టిన బొమ్మకి నేను ఎడమచేయి పట్టను. నా కళ్ళ ముందు అది బొమ్మని తాకితే దాని మొహం జన్మలో చూడను."

"ఫుమినో, చెయ్యి తియ్యి."

"తియ్యను. ఒట్టు వేశాను."

బృందంలో ఆ తల మీద వేసిన ఒట్టు తప్పినవాళ్ళు లేరు. తప్పితే మళ్ళీ బొమ్మ ముందుకు రాకూడదు. గెన్‌సకుకు అది ఆమెకన్నా బాగా తెలుసు. ఆయన మొహంలో రంగు పోయింది. అంతవరకూ రాయిలా కూర్చున్న మనిషి చేయి చాచి ఆమె ముంజేతిని పట్టుకున్నాడు.

"తొందరపడ్డావే తల్లీ," అన్నాడు. "నేనే ముందు చెప్పాల్సింది. ముసలాణ్ణి, మాట ఇచ్చి చెడ్డాను."

"ఎవరు గురువుగారూ?"

"ఇంటికి వెళ్ళు. 'ఇవాళ చెప్పేస్తాను తాతగారూ, అమ్మకి ఇష్టమైన చేపల కూర చేసి పెట్టి మరీ చెప్పేస్తాను' అని మధ్యాహ్నమే వచ్చి చెప్పి వెళ్ళింది కనామె."